ఎడారి పట్టణమున కాపురము



మా నెల్లూరి సీమలో సముద్రతీరపు గ్రామములందు నేడు ఏ అరుగుమీద నలుగురు కూడినను కువైట్ అను మాట వినబడకపోదు. మన పిల్లలు తొలుత చెన్నపట్టణమునకు పోవుదురు. అచట కొన్నేండ్లు పనిచేసి పట్టణవాసమునకు అలవడిన పిమ్మట, చుట్టమో స్నేహితుడో పిలువగా కువైట్‌కు విమానమెక్కుదురు. అప్పుడు ఇంటివద్ద తలిదండ్రులు చెప్పుకొను ధైర్యమొక్కటే. “వానికి పట్టణము క్రొత్తా? చెన్నపట్టణములో నెగ్గుకొనివచ్చినవాడు అక్కడ నెగ్గుకొని రాలేడా?” అని. నేనును అట్లే తలచినవాడను. ఆ తలంపు ఎంత పొరపాటో నా దేహమే నాకు నేర్పినది. ఆ సంగతియే నేడు మీకు మనవి చేయదలచితిని.

ఉద్యోగవిరమణానంతరము నేను నాలుగేండ్లు చెన్నపట్టణమున మా అమ్మాయి ఇంట నుంటిని. పిదప మా అల్లునికి కువైట్‌లో ఉద్యోగమగుటచే, 2019వ సంవత్సరము మే నెలలో వారిని చూడబోయి మూడు మాసములుంటిని. పోయిన నాల్గవనాడు ఉదయము పది గంటలకు, చెన్నపట్టణమున నిత్యము చేయు రీతిగా, చేతిసంచి పట్టుకొని కూరగాయలకై బయలుదేరితిని. దుకాణము అరమైలు దూరము కూడ లేదు. ఎండ తీక్ష్ణముగ నున్నది కాని చెమట పట్టలేదు. మన తీరమున ఎండ బాధించుటకు మున్నే చొక్కా తడిసి ముద్దయగును గదా. చెమటయే లేదు కావున ఈ ఎండ నన్నేమి చేయునని ధీమాగా నడచితిని.

తిరిగి వచ్చునపుడు నాలుక పిడచకట్టినది. కన్నులు బైర్లు కమ్మినవి. చెన్నపట్టణమైనచో ప్రతి సందు మొగను టీకొట్టు ఉండును. గ్రుక్కెడు నీళ్ళడిగిన ఎవ్వరును కాదనరు. ఇచట వీథిలో మనుష్యసంచారమే లేదు. పైగా అది రంజాన్ మాసము. ఆ మాసమున పగటివేళ పదుగురు చూచునట్లు తినుటయు త్రాగుటయు ఆ దేశమున చట్టరీత్యా నేరము. ఒక మేడ నీడలో గోడకు చేరగిలబడితిని. ఆ మేడ కావలివాడు, అట్టివానిని అచట హారిస్ అందురు, నన్ను చూచి చేయి పట్టుకొని తన గదిలోనికి కొనిపోయి, మెడపై తడిగుడ్డ వేసి, నీరిచ్చెను. అతడు ఈజిప్టు దేశీయుడు, తాను ఉపవాసమున్నవాడు. అతని భాష నాకు రాదు; నా భాష అతనికి రాదు. నా ముంజేతిపై తెల్లని పొడివలె నున్నదానిని వ్రేలితో చూపెను. నేను రుచి చూచితిని. ఉప్పు!

అప్పుడు తెలిసినది. చెమట పట్టకపోలేదు. పట్టినది పట్టినట్లే ఆవిరియై పోయినది, ఉప్పుమాత్రము మిగిలినది.

ఇందలి కారణము సులభమైనది. సముద్రపుగాలిలో తేమ మెండు. కావున మన ఒంటి చెమట త్వరగా ఆరక ధారలు కట్టును. దానిని చూచి మనము నీడకు పోవుదుము, మజ్జిగ త్రాగుదుము. ఎడారిగాలి పొడిగాలి. అది తడిని కనబడనీయకయే హరించును. ఎండలో కష్టించువాని ఒంటినుండి గంటకు ఒక లీటరు నీరు పోవచ్చును, అంతకు మించియు పోవచ్చును. ఐనను వాని చొక్కా పొడిగనే యుండును. ఇంతకాలము చెమటను చూచి ఎండను కొలిచినవాడు అచట కొలబద్ద లేనివాడగును. తీరవాసికి కలుగు మొదటి మోసమిది.

రెండవ మోసము పట్టణవాసికి కలుగునది. కువైట్‌లోనికి పోగానే కనబడునవి ఆకాశమునంటు మేడలు, విశాలమైన రాజబాటలు, దీపములు, అంగళ్ళు. ఇది చెన్నపట్టణమువంటి పట్టణమే, ఇంకను శుభ్రమైనది, అని తోచును. బడిలో పిల్లలకు ఒంటెను ‘ఎడారి ఓడ’ అని ముప్పదియేండ్లు చెప్పితిని. అచటికి పోయి చూడగా ఆ పట్టణమే ఎడారిలోని ఓడ అని గ్రహించితిని. మన పట్టపువాండ్రు నడిసముద్రమునకు పోవునపుడు చుట్టును నీరే యున్నను త్రాగుటకు కుండలోని నీరే గతి. ఆ కుండను ఎవ్వరును కాలితో తన్నరు. దానినిబట్టియే పయనము సాగును. కువైట్ కాపురమును అట్టిదే. అచట నీరు, కూరగాయలు, చల్లదనము సమస్తమును యంత్రములవలననో ఓడలవలననో వచ్చినవే. నేలనుండి పుట్టినది అత్యల్పము.

కువైట్‌లో నిత్యము పారు ఏరు లేదు. ఏడాదికి పడు వాన సగటున 110, 120 మిల్లీమీటర్లకు మించదు. మన నెల్లూరికి సుమారు వెయ్యి మిల్లీమీటర్లు పడును. పూర్వము అచటివారు షత్-అల్-అరబ్ నదినుండి పడవలలో మంచినీరు తెచ్చుకొనెడివారు. అందుకై 1939లో ఒక సంఘము కూడ ఏర్పడెను. 1946లో చమురు ఎగుమతి ఆరంభమైనది. 1953లో షువైఖ్ అను చోట సముద్రజలమును మంచినీరుగ మార్చు యంత్రాగారము పనిచేయ మొదలిడెను. అన్నము వండునపుడు మూతకు అంటిన నీటిచుక్కలలో గంజిరుచి ఉండదు గదా. యంత్రాగారములోను సముద్రపునీటిని కాచి ఆవిరిగ మార్చి, ఆ ఆవిరిని చల్లార్చి, ఉప్పులేని నీటిని పట్టుదురు. బలముగ ఒత్తి సన్నని పొరగుండ వడియగట్టు పద్ధతియు కలదు. 1979లో ప్రజలకు తెరచిన కువైట్ గోపురములను చూడబోయితిని. నీలిరంగు గోళములతో వినోదమునకై కట్టినట్లు కనబడును గాని, మూడింటిలో రెండు గోపురములు నీటిని నిలువచేయునవి. ఆ దేశము తన కుండను శిఖరమునకెత్తి అందరికిని చూపుచున్నది.

ఇచట ఒక విచిత్రము చెప్పవలెను. నేనచట నున్న 2019 జూన్‌లోనే చెన్నపట్టణపు పూండి, చోళవరము, రెడ్‌హిల్స్, చెంబరంబాకము జలాశయములు ఎండిపోయినవి. జనులు బిందెలతో నీటిలారీలకొరకు బారులు తీరిరి. 1996నుండి మన కండలేరు జలాశయము మీదుగ తెలుగుగంగ కాలువలో కృష్ణానీరు చెన్నపట్టణమునకు పోవుచున్నను ఆ ఏడు దాహము తీరలేదు. వానలేని ఎడారిలో కొళాయి నిండుగ పారుచుండెను. అంతమాత్రమున ఎడారి పట్టణము భద్రమైనదని తలపరాదు. చెన్నపట్టణమున కొళాయి ఆగినను బావియో, లారీయో, నెల్లూరి బంధువుల ఇల్లో కలదు. కువైట్‌లో యంత్రమాగినచో వేరు దారులు చాల తక్కువ. విద్యుత్తు సంగతియు నట్టిదే. 2024 జూన్‌లో వాడుక మితిమీరుటచే అచటి ప్రభుత్వము కొన్ని ప్రాంతములలో నడిపగటివేళ కొంతసేపు విద్యుత్తును నిలుపవలసివచ్చెను. మనకు కరెంటు పోయిన విసనకఱ్ఱ తీసికొందుము. అచట నడివేసవిలో ఏసీ యాగిన గదిలో అట్లు కూర్చుండి ఉపేక్షించుట ప్రమాదకరము.

ఆ వేడి యెంతటిదనగా, కువైట్ వాయవ్యభాగమున మిత్రిబా అను చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైనది. ప్రపంచ వాతావరణ సంస్థ దానిని పరీక్షించి అంగీకరించినది. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని మనమందుము. రోహిణి మనకు పదునాలుగు దినములు. అచట మూడు నెలలు రోహిణియే.

ఇక దేహము దీనికెట్లు అలవడును? వైద్యగ్రంథములు దేశమును ఆనూపము, జాంగలము, సాధారణము అని మూడు విధములుగ చెప్పినవి. నీటిపట్టైన మన తీరము ఆనూపము, పొడినేల జాంగలము. వాగ్భటుని అష్టాంగహృదయమున ఋతుసంధి యను విషయము కలదు. కడచు ఋతువు కడపటి ఏడు దినములు, వచ్చు ఋతువు మొదటి ఏడు దినములు, వెరసి 14 దినములలో పాత అలవాటును కొంచెము కొంచెముగ విడచి క్రొత్తదానిని కొంచెము కొంచెముగ చేకొనవలెను. ఒక్కుమ్మడి మార్చినచో రోగము పుట్టును. నేటి శాస్త్రజ్ఞులును దేహము ఎండకు అలవడుటకు 7 నుండి 14 దినములు పట్టుననియే చెప్పుచున్నారు. ఆ దినములలో రక్తపు పరిమాణము పెరుగును. చెమట త్వరగా పుట్టును. అందులో ఉప్పు తగ్గును. కావున క్రొత్తవానిచే మొదటినాడు ఎండలో అయిదవవంతు పని మాత్రమే చేయించి, దినమున కొక అయిదవవంతు పెంచుచు పోవలెనని అమెరికా దేశపు కార్మికారోగ్య పరిశోధన సంస్థ సూచించినది. ఏసీ గదిలో కూర్చున్న దినములు ఈ లెక్కలోనికి రావు. సెలవుపై వచ్చి నెలదినములు ఎండ తగులక ఇంటిపట్టున నుండి పోయినవాడు మరల క్రొత్తవాడే యని ఎరుగునది.

ఈ మాట తెలియక ప్రాణముమీదికి తెచ్చుకొన్నవానిని ఒకనిని నేను కలిసితిని. కువైట్ నగరమున మాలియా అను చోట శుక్రవారపు సెలవునాడు తెలుగువారు కూడుదురు. నేనును పోయితిని. వెనుకనుండి “అయ్యవారూ!” అను పిలుపు వినబడినది. చూడగా, నా వద్ద ఏడవ తరగతి చదివినవాడు. చెన్నపట్టణమున పండ్రెండేండ్లు ఏసీ యంత్రముల మరమ్మతు పని చేసి, ఆ మే నెలలోనే కువైట్ వచ్చినవాడు. చిక్కి సగమై యుండెను. ఏమి నాయనా ఇట్లున్నావని అడిగితిని.

“మద్రాసులో పన్నెండేళ్ళు మేడలమీదే పని చేశా, అయ్యవారూ. ఎండంటే నాకు లెక్కేంది అనుకున్నా. మూడోనాడు మిద్దెమీద పడిపోయా. కళ్ళు తెరిచేటప్పటికి ఆస్పత్రిలో ఉండా.”

“మీ అమ్మకు తెలియునా?”

“చెప్పలా. బాగుండానని చెప్పా. అప్పు తీరేదాకా బాగుండానని చెప్పాల్సిందే గదా.”

నేను మరుమాట పలుకలేకపోతిని. ఆ తల్లి మా ఊరిలో నా కొమరుడు బాగున్నాడని నలుగురికిని చెప్పుకొనుచుండుటను నేనెరుగుదును.

కువైట్‌లో జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు పగలు 11 గంటలనుండి 4 గంటలవరకు ఆరుబయట పని చేయింపరాదను నియమము కలదు. మంచి నియమమే. కాని మా శిష్యుడు పడినది మే నెలలో. నియమము జూన్‌లో మేల్కొనును. ఎండ అంతకు ముందే మేల్కొనును. అందుచే చట్టముపై భారముంచక, ఓడ యెక్కినవాడు ఓడ కట్టుబాట్లను పాటించునట్లు, ఎవరికి వారు కొన్ని నియమములను ఏర్పరచుకొనవలెను. నేను నా తప్పువలనను పదుగురిని అడిగియు తెలిసికొన్నవి ఇవి.

దాహమును నమ్మరాదు; గడియారమును నమ్మవలెను. ఎండలో పనిచేయునపుడు పావుగంటకో ఇరువది నిమిషములకో ఒకమారు చిన్న గ్లాసెడు నీరు త్రాగవలెను. ఐనను గంటకు లీటరున్నరకు మించి త్రాగుట కూడదు. ఉప్పు ఆహారమునుండి రావలెను కావున భోజనము మానరాదు. మన మజ్జిగవంటి లబన్ అచట ప్రతి అంగడిలోను దొరకును. మూత్రము ముదురు పసుపైనచో నీరు చాలలేదని గుర్తు. ఏండ్ల తరబడి నీరు చాలక పనిచేసినవారికి మూత్రపిండములలో రాళ్ళేర్పడుటయు, ఆ అవయవములే చెడుటయు కలదు. రక్తపుపోటుకో మధుమేహమునకో మందులు వాడువారు పయనమునకు ముందే వైద్యునితో మాట్లాడవలెను. రంజాన్ మాసమున నీరు ఇంటిలోనో చాటుననో త్రాగి, ఆ దేశాచారమును గౌరవింపవలెను.

తోడివాడు తడబడి మాటలాడినను, తెలివి తప్పినను, ఒళ్ళు కాలుచున్నను అది వడదెబ్బ. తత్క్షణము నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండ నీరు పోసి విసరుచు, ఆస్పత్రికి కబురంపవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు.

దినచర్యను తలక్రిందు చేసికొనవలెను. అచట వేసవిలో ఉదయము అయిదు గంటలకు మునుపే సూర్యుడుదయించును. నడక, అంగడిపని వేకువనో రాత్రియో ముగించుకొనవలెను. చెన్నపట్టణమున సాయంకాలము సముద్రపుటొడ్డున చల్లగాలి వీచును. కువైట్ కూడ సముద్రతీరమే గాని, శ్రావణ భాద్రపదములలో అచటి గాలి తేమగ మారి రాత్రివేళను ఉక్కపోయును. అప్పుడు చెమట కారుచునే యుండును కాని ఆరదు. ఒంటి వేడి తగ్గదు. పొడివేడికన్న అది తక్కువ ప్రమాదమని తలపరాదు.

దుమ్ముగాలి మరియొకటి. దానిని అచట తూజ్ అందురు. 2022 మే నెలలో అట్టి గాలివలన విమానములను సైతము నిలిపిరి. ఉబ్బసము కలవారు ఆనాడు గడప దాటరాదు. మరియొక వింత యేమనగా, మకరసంక్రాంతినాటికి అచట రాత్రి 8, 10 డిగ్రీల చలి యుండును. ఎడారికి ఉన్నిదుస్తులేల యని నవ్వి పెట్టెలోనుండి తీసివేయువారు ఆ రాత్రులలో వణకుదురు.

పండుకొను చోటును చూచుకొనవలెను. 2024 జూన్ 12 వేకువను మంగఫ్‌లో కార్మికులుండు ఒక మేడకు నిప్పంటుకొని అనేకమంది భారతీయులు మరణించిరి. వారిలో మన ఆంధ్రులును ఉన్నారు. గదిలో ఎందరున్నారు, మెట్లెచట, తలుపు లోపలినుండి తెరచుకొనునా, అను సంగతులు మొదటిరాత్రియే చూడవలెను.

కాగితముల సంగతి యింకొక నియమము. చెన్నపట్టణమున ఒక యజమాని వద్ద పొసగనిచో మరునాడు వేరొకచోట చేరవచ్చును. అకామా యను నివాసానుమతితో కువైట్‌లో నున్నవాడు ఎవరి పేర వచ్చెనో వారివద్దనే పనిచేయవలెను. ఇంటిపనికి 20వ నంబరు వీసా, సంస్థలలో పనికి 18వ నంబరు వీసా అని మనవారందురు. ఇంటిపని వీసాపై వచ్చి వెలుపల పనిచేసినవాడు చట్టము దృష్టిలో దోషి. పాస్‌పోర్టును యజమాని దాచియుంచుట ఆ దేశపు నిబంధనలకే విరుద్ధము. పదవ తరగతి తప్పినవారు మన ప్రభుత్వపు వలస అనుమతి పొందియే పోవలెను. అట్లు పోవువారికి పది లక్షల రూపాయల ప్రమాద బీమా కలదు. అడ్డదారిని పోయినవాడు దానిని పోగొట్టుకొనును. చిక్కు వచ్చినపుడు భారత రాయబార కార్యాలయమును, మన రాష్ట్రపు ప్రవాసాంధ్రుల సంస్థయైన ఏపీఎన్ఆర్‌టీని ఆశ్రయింపవచ్చును.

ఇవన్నియు బాహ్యవిషయములు. మనస్సున కలుగు మార్పు వేరు. పట్టణమున ఒంటరివానికి వీథియే తోడు. ఎండవేళ వీథి శూన్యమైన చోట, పని ముగిసినవాడు ఏసీ గదిలో గోడవైపు తిరిగి పండుకొనును. అట్టివానికి శుక్రవారము మాలియాలో పదుగురితో తెలుగుమాట యాడుటయు ఔషధమే. మూడు మాసములలో నేను చూచినంతవరకు, అచట కుదుటపడినవారందరును మాకిది క్రొత్త అని ఒప్పుకొని అడిగి తెలిసికొన్నవారే. నా శిష్యుడును తరువాత అట్లే చేసెను. నేను తిరిగి వచ్చునాటికి వాని ముఖమున కొంత తేట వచ్చినది. నీటిసీసా భుజమునకు తగిలించుకొని విమానాశ్రయమునకు వచ్చి నన్ను సాగనంపెను.

పెద్దలారా, మన పిల్లలు దూరదేశమునుండి ఫోను చేసినపుడు మనమడుగు మొదటిమాట ఏది? బాగున్నావా యని అడుగుదుము, బాగున్నాననుదురు. వెంటనే డబ్బు సంగతి వచ్చును. అప్పు తెచ్చి పంపిన ఇంటివారికి అది సహజమే. కాని బాగున్నావా యన్న ప్రశ్నకు నిజమైన జవాబు రాదని నా శిష్యుని నోట వింటిని. ఇకమీదట మూడు ప్రశ్నలు విడివిడిగ అడుగుడు. నేడు నీళ్ళెన్నిమారులు త్రాగితివి? ఎండలో ఏ వేళ పనిచేసితివి? నీ కాగితములు ఎవరి చేతనున్నవి? ఈ ప్రశ్నలకు బాగున్నానను జవాబు చాలదు, ఉన్నమాట చెప్పవలసివచ్చును. పోయిన మొదటి పదునాలుగు దినములు ప్రతిదినమును అడుగుడు. సెలవుపై వచ్చి మరల పోయినపుడును అడుగుడు. ఆ పక్షము గడచువరకు డబ్బు మాట యెత్తకుడు.

మా ఊరి తల్లికి నేను తిరిగివచ్చి జరిగినది చెప్పితిని. ఆమె కొంతసేపు ఏడ్చి, ఫోను తీసికొని కొమరునితో మొదట అన్నమాట “నీళ్ళు తాగినావా నాయనా?” అని.

ఇక సెలవు.